‘సుపరిపాలన’ భాష – మన కథకుల మౌనం

ఓటు వేసి వచ్చిన మర్నాటి నుంచి మళ్ళీ ఓటు వేసే నాటి దాకా ప్రజాస్వామ్యం ఎక్కడ కాపురం ఉంటుంది? ఈ ప్రశ్నను మన దేశంలో ముందుగా అడిగినవి ప్రజా ఉద్యమాలు. మన సాహిత్యంలో అడిగినవాళ్ళు కథకులు. అయితే గత మూడు దశాబ్దాలుగా ఈ ప్రశ్నను అందరికన్నా గట్టిగా అడుగుతున్నట్టు కనిపించినవి మాత్రం అప్పులూ గ్రాంట్లూ ఇచ్చే అంతర్జాతీయ సంస్థలు. ఎన్నికలు ఒక్కటే చాలవు, గ్రామంలో సభ జరగాలి, లెక్కలు గోడ మీద రాయాలి, స్త్రీలు మాట్లాడాలి, అధికారి జవాబు చెప్పాలి అని అవి అన్నాయి. ఇందులో ఏ ఒక్క మాటనూ అభ్యుదయ రచయిత కాదనలేడు. చిక్కంతా అక్కడే ఉంది. మన మాటలే మన దగ్గరికి అప్పుగా తిరిగి వచ్చినప్పుడు వాటిని గుర్తుపట్టడం ఎలా?

ఆర్థిక విధానాల మీద మన పత్రికల్లో కావలసినన్ని వ్యాసాలు వచ్చాయి. ఇక్కడ నేను చూడదలచుకున్నది భాషను. ఒక పథకం పల్లెలోకి వచ్చేటప్పుడు డబ్బుకంటే ముందు మాటలు వస్తాయి. ఆ మాటలను చదవవలసిన పని అర్థశాస్త్రవేత్తది కాదు, సాహిత్య విద్యార్థిది.

‘గవర్నెన్స్’ అన్న మాట చరిత్ర చూడండి. ప్రపంచ బ్యాంకు 1989లో ఆఫ్రికా మీద వెలువరించిన నివేదికలో ఆ ఖండపు కష్టాలకు మూలం ‘గవర్నెన్స్ సంక్షోభం’ అని రాసింది. ఆ సంస్థ స్థాపన ఒడంబడిక ప్రకారం అది సభ్యదేశాల రాజకీయాల్లో తలదూర్చకూడదు, తన నిర్ణయాలకు రాజకీయాలను కొలతగా పెట్టుకోకూడదు. కాబట్టి ‘ప్రజాస్వామ్యం’ అనడానికి వీల్లేదు, ‘రాజకీయం’ అనడానికి అసలే వీల్లేదు. రాజకీయం అనకుండా రాజకీయం మాట్లాడటానికి ఒక మాట కావలసివచ్చింది. దొరికింది. దాన్ని మనవాళ్ళు ‘సుపరిపాలన’ అని తెలుగు చేశారు. పాలన అంటే పాలించేవాడు ఒకడూ, పాలింపబడేవాడు ఒకడూ ఉండనే ఉన్నారు. దానికి ‘సు’ చేర్చినంత మాత్రాన ఆ సంబంధం మారలేదు, మర్యాద మాత్రం పెరిగింది. రామరాజ్యం అనే మాటలో ఉన్న తియ్యదనమే ఇందులోనూ ఉంది. భద్రాచలంలో బతుకుతున్నవాడికి ఈ సంగతి విడమర్చి చెప్పనక్కర్లేదు.

మన రాష్ట్రంలో ఈ భాష ఎప్పుడు స్థిరపడిందో చెప్పడం కష్టం కాదు. 1998 జూన్‌లో ప్రపంచ బ్యాంకు ఆంధ్రప్రదేశ్ ఆర్థిక పునర్నిర్మాణానికి సుమారు 54 కోట్ల డాలర్ల రుణం మంజూరు చేసింది. ఒక దేశం కాకుండా ఒక రాష్ట్రం ఆ స్థాయిలో బేరం కుదుర్చుకోవడం అప్పటికి కొత్త. 1999లో ‘విజన్ 2020’ పత్రం వచ్చింది. 2001లో బ్రిటిష్ అంతర్జాతీయ అభివృద్ధి శాఖ తోడ్పాటుతో హైదరాబాదులో సుపరిపాలనా కేంద్రం వెలిసింది. ఇటు పల్లెల్లో జన్మభూమి, వెలుగు, నీరు-మీరు, దీపం, చేయూత. వీటన్నిటికీ బయటి డబ్బు లేదు. కొన్నిటికి ఉంది, కొన్నిటికి లేదు. భాష మాత్రం ఒకటే. ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి: ప్రభుత్వ కాగితం మీద అంత మంచి తెలుగు అంతకుముందు చూడలేదు. పొడి అక్షరాల పథకాల పేర్లతో విసిగిన జనానికి ‘వెలుగు’ అన్న పేరు వినడానికి బాగుంది. ఆ పేరు పెట్టినవాడెవడో కవిత్వం తెలిసినవాడే అయివుంటాడు.

పేర్లు తెలుగైనా వాక్యం తెలుగు కాలేదు. పథకాల నివేదికల్లో ఎక్కడ చూసినా కనిపించే వాక్య నిర్మాణం ఒకటుంది: ‘ప్రజలు భాగస్వాములు చేయబడ్డారు.’ తెలుగులో ‘బడు’ ధాతువును మనం మాటల్లో అంతగా వాడం. ‘అన్నం వండబడింది’ అని ఏ ఇల్లాలూ అనదు. ఎవరు వండారో తెలియకుండా దాచవలసిన అవసరం ఆమెకు లేదు. కచేరీ భాషకు ఆ అవసరం ఉంది. పైవాక్యంలో కర్త ఎవరు? లేడు. ప్రజలెక్కడున్నారు? కర్మ స్థానంలో ఉన్నారు. భాగస్వామ్యం అనేది ఎవరికి వారు పూనుకొని చేసే పని. దాన్ని కూడా వాళ్ళకు జరిగిపోయిన సంగతిగా చెప్పగల వ్యాకరణం ఇది. ‘లబ్ధిదారు’ అన్న మాటా ఇటువంటిదే. చట్టం ఒకడికి హక్కు ఇచ్చిందంటే వాడు హక్కుదారు. వాణ్నే పథకం లబ్ధిదారు అంటుంది. మాట మారగానే వాడు నిలబడే తీరు మారుతుంది, చేతులు కట్టుకుంటాడు.

‘జవాబుదారీతనం’ గురించి మాత్రం మా ప్రాంతానికి ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు. పాల్వంచ పరగణాకు తాసీల్దారుగా ఉన్న కంచర్ల గోపన్న, సర్కారు పైకంతో గుడి కట్టించి తానీషా కొలువులో లెక్క చెప్పలేక గోల్కొండ చెరసాలలో పడ్డాడు. అక్కడి నుంచి ఆయన పాడుకున్నాడని చెప్పే కీర్తనల్లో ఒకదాన్ని భక్తి పక్కనబెట్టి చదివితే, ఏ నగకు ఎంత పెట్టిందీ దేవుడికి అంకెలతో సహా అప్పజెప్పిన లెక్క కనిపిస్తుంది. ప్రజల సొమ్ముకు లెక్క చెప్పవలసినవాడు, ఎవరికి చెప్పాలి? పైవాడికా, పన్ను కట్టినవాడికా? తానీషాకు చెప్పలేనిది రాముడికి చెప్పాడు. పన్ను కట్టిన రైతుకు చెప్పాలన్న ఆలోచన ఆ కాలానికి రాలేదు. ఈ కాలానికి వచ్చిందా? దాత సంస్థకు ఆరునెలలకొక నివేదిక ఠంచనుగా పోతుంది. ఊరికి?

*

ఇక మా అడవిలోకి వద్దాం. 1992లో రాష్ట్రంలో ఉమ్మడి అటవీ యాజమాన్యం మొదలైంది. 1994 నుంచి ప్రపంచ బ్యాంకు అటవీ పథకం, 2002 నుంచి సామాజిక అటవీ యాజమాన్య పథకం నడిచాయి. ఊరూరా వన సంరక్షణ సమితులు ఏర్పడ్డాయి. అధ్యక్షుడు, సభ్యులు, స్త్రీలకు స్థానాలు, నెలనెలా సమావేశం, తీర్మానాల పుస్తకం. ఎన్నికలకు అవతల ప్రజాస్వామ్యం ఎలా ఉండాలని దాతలు కోరుకున్నారో దాని నమూనా అంతా అందులో ఉంది. ఆదివాసులున్న చోట వారికోసం ప్రత్యేక ప్రణాళిక తయారు కావాలని బ్యాంకు 1991లోనే నిబంధన పెట్టుకుంది కూడా.

అదే 2002 సంవత్సరం మే 3న కేంద్ర పర్యావరణ, అటవీ మంత్రిత్వశాఖ అడవుల్లోని ‘ఆక్రమణదారుల’ను సెప్టెంబరు ఆఖరులోగా ఖాళీ చేయించమని రాష్ట్రాలకు ఉత్తరం రాసింది. ఆ ఏడాది జూలైలోనే పై పథకానికి రుణం మంజూరైంది. ఒక చేత్తో సమితి, ఒక చేత్తో నోటీసు. పోడు కొట్టుకుని బతికే కోయవాడు ఒక కాగితంలో అడవికి భాగస్వామి, మరో కాగితంలో అడవికి ఆక్రమణదారు. ఈ రెండు కాగితాలూ ఒకే గుడిసె చూరులో దోపి ఉంటే ఆ గుడిసె ఎంత కథో ఆలోచించండి. 

చట్టం ప్రకారం అక్కడ వేరొక సభ ముందే ఉంది. 1996 డిసెంబరు 24న అమలులోకి వచ్చిన పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతంలో గ్రామసభకు అధికారం ఇచ్చింది. రాష్ట్రం దాన్ని 1998లో తన చట్టంలో చేర్చుకుంది గాని నియమాలు రాయడానికి 2011 దాకా పట్టింది. పథకం సమితికి నియమావళి నెలల్లో తయారవుతుంది, రాజ్యాంగం ఇచ్చిన సభకు పదిహేనేళ్ళు! గ్రామసభకు ముగింపు తేదీ లేదు, సమితికి ఉంది; అప్పు గడువు తీరిన రోజున దాని జీతమూ జీవమూ సన్నగిలుతాయి. తర్వాత 2006 అటవీ హక్కుల చట్టం వచ్చింది. అది సామూహిక హక్కును గ్రామసభకు ఇచ్చింది. మన రాష్ట్రంలో ఏం చేశారు? ఆ హక్కు పత్రాలు చాలాచోట్ల వన సంరక్షణ సమితుల పేరిట రాసి ఇచ్చారు. ఎన్.సి. సక్సేనా కమిటీ 2010లో దీన్ని తప్పుపట్టింది. దాత సొమ్ముతో పుట్టిన సభ, చట్టంతో పుట్టిన సభ కుర్చీలో కూర్చున్న వైనం ఇది. ఇందులో వాషింగ్టన్ కుట్ర ఎంత, మన అటవీశాఖ అలవాటు ఎంత అని విడదీయకుండా, అంతా బ్యాంకు నెత్తిన రుద్దితే మనకు పద్యం వస్తుంది గాని నిజం రాదు.

తీర్మానాల పుస్తకం దగ్గర కాస్త ఆగుదాం. ఏజెన్సీలో పనిచేసిన ఉపాధ్యాయులకు ఆ పుస్తకంతో పరిచయం ఉంటుంది. ఊళ్ళో రాయగలవాడు తక్కువైనప్పుడు పంతులుగారి చేతికే కలం వస్తుంది. గంటసేపు కోయలో మాట్లాడుకుంటారు. ఒక ముసలాయన ఎప్పటిదో ఒక రేంజరు సంగతి ఎత్తుతాడు. ఒకామె ఇప్పపువ్వు ఏరుకునే చెట్ల గురించి అడుగుతుంది. ఇద్దరు యువకులు అడ్డం తిరుగుతారు. కొందరు నవ్వుతారు, కొందరు లేచిపోతారు. పుస్తకంలోకి వచ్చేసరికి అదంతా నాలుగు తెలుగు పంక్తులవుతుంది: ‘సభ్యులందరూ చర్చించి ఏకగ్రీవంగా తీర్మానించడమైనది.’ కింద వేలిముద్రలు. ‘ఏకగ్రీవం’ అంటే ఒకే మెడ. రావణుడు వచ్చిపోయాడని చెప్పుకునే పర్ణశాల మాకు దగ్గరే. ఆయనకైనా పది తలలు ఉన్నాయి. ఊరు ఊరంతటికీ ఒకే మెడ ఉన్నదని రాసే వాక్యాన్ని మనం రోజూ రాస్తున్నాం, ఏ విమర్శకుడూ దాని శిల్పాన్ని పరామర్శించలేదు. ఆ ముసలాయన ఎత్తిన రేంజరు సంగతి ఏ పుస్తకంలోకి పోయింది? అక్కడ మొదలు కావాలి కథ.

*

మన సాహిత్యం ఈ కాలంలో ఏం చేసింది? పత్తి రైతుల ఆత్మహత్యల మీద, చేనేత మీద, భూసేకరణ మీద మంచి కథలు వచ్చాయి. ప్రపంచీకరణ అన్న మాట లేని కవితా సంకలనం దాదాపు లేదు. అయినా ఒక లోటు కనిపిస్తుంది. ప్రపంచ బ్యాంకు మన కవిత్వంలో ఒక రాక్షసి. దానికి కోరలున్నాయి, డాలర్లున్నాయి, సముద్రాల అవతలి నుంచి చాచిన చెయ్యి ఉంది. దానికి లేనిది ఒక్కటే: గ్రామ కార్యదర్శి. మండలాఫీసులో ఫారాలు నింపే గుమాస్తా, శిక్షణ శిబిరంలో చార్టుల మీద రంగు పెన్నులతో ఊరి పటం గీయించే కుర్రవాడు, ఆ పటంలో తన ఇల్లు ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడిన స్త్రీ - వీళ్ళెవరూ మన పుటల్లోకి రాలేదు. రాక్షసిని తిట్టడానికి ధైర్యం చాలు. గుమాస్తాను చిత్రించడానికి పరిశీలన కావాలి.

ఈ పరిశీలన మన కథకు తెలియనిది కాదు. 1966లో అచ్చయిన కాళీపట్నం రామారావుగారి ‘యజ్ఞం’ మళ్ళీ చదవండి. ఆ కథ ముగింపు మీద మనం ఎంతో చర్చించుకున్నాం, కొడుకును చంపుకున్న సీతారాముడి చర్య సబబా కాదా అని. నా దృష్టిలో ఆ చర్చ కథలోని సింహభాగాన్ని మింగేసింది. ఆ కథలో ఎక్కువ భాగం జరిగేది ఒక సభ. ఊరంతా కూర్చుంది. పెద్దమనిషి శ్రీరాములునాయుడు దుర్మార్గుడు కాడు. ధర్మం తప్పని మనిషి, ఊరికి రోడ్డూ బడీ తెచ్చినవాడు. వాది చెప్పాడు, ప్రతివాది చెప్పాడు, కాగితాలు చూశారు, ఎవరి నోరూ నొక్కలేదు. పారదర్శకత ఉంది, భాగస్వామ్యం ఉంది, జవాబుదారీతనం ఉంది. ఈనాటి ఏ సంస్థ వచ్చి కొలిచినా ఆ సభకు పూర్తి మార్కులు పడతాయి. తీర్పు మాత్రం అప్పల్రాముడి కుటుంబాన్ని తరతరాల పాలేరుతనానికి అప్పగిస్తుంది. ఊరి అభివృద్ధి చరిత్రనంతా కథకుడు ఎందుకు చెప్పుకొచ్చాడో అప్పుడు తెలుస్తుంది. అప్పు ఎలా పుట్టిందన్న ప్రశ్న ఆ సభ అజెండాలో లేదు. అప్పు ఎంత, ఎప్పుడు తీరుస్తావు అన్నదే ఉంది. పద్ధతి ఎంత స్వచ్ఛంగా ఉన్నా అజెండా ఎవరి చేతిలో ఉందన్నదే అసలు సంగతి అని, ‘గవర్నెన్స్’ అన్న మాట పుట్టడానికి రెండు దశాబ్దాల ముందే శ్రీకాకుళపు పల్లె కథ ఒకటి చెప్పేసింది.

రావిశాస్త్రిగారి ‘మాయ’లో ముత్యాలమ్మ కొత్త ప్లీడరుకు చట్టం ఎలా నడుస్తుందో వివరిస్తుంది. ఆ వివరణకు ఉన్న బలం ఆమె యాసది, ఆమె అనుభవానిది. ఆమె సమితి సభ్యురాలై ఉంటే ఆ మాటలన్నీ ‘చర్చించడమైనది’లోకి పోయివుండేవి.

యజ్ఞంలో లేని మరో సంగతి మన చరిత్రలో ఉంది. పైనుంచి దిగిన పుస్తకాన్ని కిందివాళ్ళు తమదిగా చదువుకోవడం. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతుల్లో ‘సీతమ్మ కథ’ అనే పాఠం చదివిన స్త్రీలు 1992లో సారా దుకాణం మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. ప్రభుత్వం అచ్చువేయించిన పాఠం ప్రభుత్వ ఆదాయానికే అడ్డం తిరిగింది. పాఠానికి పాఠకులు చేసిన ఇంతటి వ్యాఖ్యానం తెలుగులో మరొకటి నాకు తెలియదు. ఆ ఉద్యమపు వేడిలోంచే పొదుపు సంఘాలు విస్తరించాయి. 1990ల నడుమ ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ మహబూబ్‌నగర్, కర్నూలు, అనంతపురం జిల్లాల్లో ఆ సంఘాలతో పని మొదలుపెట్టింది. 2000లో ప్రపంచ బ్యాంకు ‘వెలుగు’ వచ్చింది. మద్య నిషేధం 1997లోనే పోయింది. సంఘం మిగిలింది, సారా దుకాణం ముందు కూర్చున్న సంఘం పోయి బ్యాంకు వాయిదా కట్టే సంఘం అయింది. అయినా ఆ సంఘాల్లో స్త్రీలు దాచుకున్న రూపాయి వాళ్ళదే, బ్యాంకు మెట్లెక్కి సంతకం పెట్టడం నేర్చుకున్న చెయ్యీ వాళ్ళదే. ఇదంతా మోసమని కొట్టిపారేసే విమర్శకుడు ఆ స్త్రీలతో ఒక్కపూట కూర్చోలేదని నా అనుమానం.

విద్యుత్తు సంగతి చూడండి. అదే రుణ సంస్కరణల్లో భాగంగా 1999లో విద్యుత్ బోర్డును విడగొట్టారు, విద్యుత్ నియంత్రణ మండలి వచ్చింది. చార్జీలు పెంచే ముందు బహిరంగ విచారణ జరపాలన్న నియమం వచ్చింది. ఇది చిన్న సంగతి కాదు. అంతకుముందు సామాన్యుడికి ఆ గదిలో ప్రవేశమే లేదు. విచారణ జరిగింది, అభ్యంతరాలు విన్నారు, చార్జీలు పెంచారు. 2000 ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో ఆ పెంపును వ్యతిరేకించిన జనం మీద కాల్పులు జరిగి రామకృష్ణ, విష్ణువర్ధన్ రెడ్డి, బాలస్వామి చనిపోయారు. విచారణ గది ఒకటి, బషీర్‌బాగ్ చౌరస్తా ఒకటి. ఒకే ప్రభుత్వం ఒకే ఏడు ఒకే జనాన్ని రెండు చోట్లా విన్న పద్ధతులివి. పాటలూ కవితలూ చౌరస్తా మీద వచ్చాయి. గది మీద ఒక్క నాటిక వచ్చివుంటే ఎంత బాగుండేది!

*

బయటి డబ్బుతో వచ్చినదంతా అబద్ధమేనా అని విద్యార్థులు అడుగుతారు. దీనికి ఔను, కాదు అని ఒక్క ముక్కలో చెప్పడం నాకు చేతకాదు. ఎన్నికలకు అవతలి ప్రజాస్వామ్యానికి మన దేశం సంపాదించుకున్న బలమైన ఆయుధం, 2005 అక్టోబరు 12న అమలులోకి వచ్చిన సమాచార హక్కు, ఏ దాత ఇచ్చిందీ కాదు. రాజస్థాన్ పల్లెల్లో 1994 నుంచి కూలీలు హాజరు పట్టీలు బయట చదివించిన జన సునవాయిల నుంచి పుట్టింది. మన రాష్ట్రంలో ఉపాధి హామీ పనులకు 2006 నుంచి జరిగిన సామాజిక తనిఖీలు దాని పిల్లలే. ఇక ప్రభుత్వాల తీరు చూస్తే, తాము వేల కోట్లు బయటి నుంచి తెచ్చుకుంటాయి గాని, ఒక చిన్న సంఘం గూడేల్లో చట్టం చదివి చెప్పడానికి బయటి నుంచి కాస్త డబ్బు తెచ్చుకుంటే దేశభక్తి గుర్తొస్తుంది. విదేశీ విరాళాల చట్టం 1976లో, అంటే ఎమర్జెన్సీ నాడు పుట్టింది. 2010లో కొత్త రూపు ఎత్తి 2020లో మరింత బిగిసింది. మరోవైపు ఐక్యరాజ్యసమితి 2005లో పెట్టిన ప్రజాస్వామ్య నిధికి మన దేశం మొదటి దాతల్లో ఒకటి. పైదేశాలకు పంచేది ప్రజాస్వామ్యం, ఇంట్లోకి వచ్చేది జోక్యం.

ఇప్పుడు దాతలే మూటాముల్లె సర్దుకుంటున్నారు. బ్రిటిష్ అభివృద్ధి శాఖ 2020 సెప్టెంబరులో వారి విదేశాంగ శాఖలో కలిసిపోయింది. అమెరికా సహాయ సంస్థ యుఎస్ఎయిడ్ 2025 జూలైలో మూతపడింది. దాతలు పోయినా వాళ్ళ మాటలు పోలేదు, మన జీవోల్లో, పరీక్ష పత్రాల్లో, ఎన్నికల ప్రణాళికల్లో స్థిరనివాసం ఏర్పరచుకున్నాయి. అప్పు తీరింది, భాష మిగిలింది. కాబట్టి ఈ పరిశీలనకు ఆలస్యమైందనుకోనక్కర్లేదు.

మా చుట్టుపక్కల వస్తువు కోసం వెతకనక్కర్లేదు. భద్రాచలం డివిజన్ 1959లో తూర్పుగోదావరి నుంచి ఖమ్మానికి వచ్చింది. 2014లో పోలవరం కోసం చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలూ, బూర్గంపాడు, భద్రాచలం మండలాల్లో ఊళ్ళూ ఒక ఆర్డినెన్సుతో ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. భద్రాచలం పట్నం తెలంగాణలో ఉండిపోయింది. దాన్ని ఆనుకున్న ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు అవతలి రాష్ట్రమయ్యాయి. 2022 జూలైలో గోదావరి భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటినప్పుడు, తమను తిరిగి తెలంగాణలో కలపమని ఆ ఊళ్ళు రోడ్డెక్కాయి. భూమి తీసుకునే ముందు గ్రామసభను సంప్రదించాలని పెసాలో ఉంది. రాష్ట్రాన్నే మార్చే ముందు అడగాలని ఎక్కడా లేదు కాబోలు. ఇక భద్రాచలం పట్నంలో 2019 జనవరి పంచాయతీ ఎన్నికలే జరగలేదు, ప్రత్యేకాధికారి పాలన నడిచింది. 2005 తర్వాత బస్తరు హింస నుంచి పారిపోయి మా అడవుల్లో గుడిసెలు వేసుకున్న గొత్తికోయల సంగతి వేరే చెప్పాలా? ఎన్నికలకు అవతల ఏముందో మాట్లాడే పత్రాలు, ఎన్నికలకు ఇవతలే ఆగిపోయినవాళ్ళను ఏ పట్టికలో రాస్తాయి?

ఇవన్నీ రాయబోయే కథకుడికి శిల్పపరమైన చిక్కు ఒకటి ఎదురవుతుంది. సభలో జరిగే మాట కోయది, పుస్తకం తెలుగుది, పథకం ఆంగ్లానిది. మూడింటినీ ఒకే వ్యావహారికంలో కలిపి రాస్తే జరిగిన అన్యాయమే కథలోనూ జరుగుతుంది. ముసలాయన మాట మళ్ళీ మన తెలుగులో తీర్మానమైపోతుంది. కోయ మాటను తెలుగు లిపిలో ఉన్నదున్నట్టు ఇచ్చి, అర్థం వెంటనే చెప్పకుండా, కథ నడకలో తెలిసేట్టు చేయడం ఒక దారి. పాఠకుడు రెండు పుటలపాటు తడబడతాడని సంపాదకులు అభ్యంతరం చెప్పవచ్చు. ఆ తడబాటు ఉండాలనే నా అభిప్రాయం. సభలో తెలుగు విన్న కోయవాడు ఏళ్ళ తరబడి పడిన తడబాటు అంతకంటే పెద్దది. ఇంకో దారి, కోయ యువకులే రాయడం. వాళ్ళలో డిగ్రీ చదివినవాళ్ళు, పత్రికలకు వార్తలు రాసేవాళ్ళు ఇప్పుడు చాలామందే ఉన్నారు. వాళ్ళ ఊరి తీర్మానాల పుస్తకాలు వాళ్ళ ఇళ్ళలోనే ఉన్నాయి.